3.31 నుంచి 3.73కి: పాత మజిల్ కారు వెనక యాక్సిల్‌లో గేర్ నిష్పత్తి మారిస్తే ఏమవుతుంది?

సంక్షిప్తంగా

1960ల చివరినాటి షెవర్లే షెవెల్ లాంటి మజిల్ కారులో (పెద్ద, బలమైన ఇంజిన్ పెట్టిన అమెరికన్ కారు) వెనక యాక్సిల్‌లోని క్రౌన్, పినియన్ (చక్రాలను తిప్పే పెద్ద గేరు, దాన్ని తిప్పే చిన్న గేరు) మార్చినంత మాత్రాన ఇంజిన్ శక్తి పెరగదు. ఉన్న టార్క్ (తిప్పే బలం) చక్రాల దగ్గరికి ఎన్ని రెట్లయి చేరుతుందన్నదే మారుతుంది. 3.31 తీసి 3.73 వేస్తే చక్రాల దగ్గర టార్క్ 12.7 శాతం పెరుగుతుంది. అదే వేగంలో ఇంజిన్ చుట్లు కూడా సరిగ్గా అంతే పెరుగుతాయి. ఏ అంకె నప్పుతుందో టైరు సైజు, గేర్‌బాక్సు చూసుకుని తేల్చుకోవాలి. పని బాగా కుదిరిందా లేదా అన్నది నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది: పినియన్ లోతు, పినియన్ బేరింగ్ బిగువు, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు), పళ్ల అచ్చు (పళ్లు ఒకదాన్నొకటి తాకే చోటు).

అంకెల దగ్గర మొదలయ్యే గందరగోళం

వెనక యాక్సిల్ నిష్పత్తి అంటే క్రౌన్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె. మన లారీ షెడ్లలో క్రౌన్, పినియన్ అని పిలిచే జతే ఇక్కడా ఉంటుంది. జనరల్ మోటార్స్ 12-బోల్ట్ యాక్సిల్‌లో (కవర్‌ను 12 బోల్టులతో బిగించేది) 43 పళ్ల క్రౌన్, 13 పళ్ల పినియన్ ఉంటే 3.31; 41 పళ్ల క్రౌన్, 11 పళ్ల పినియన్ ఉంటే 3.73, 41కి 10 ఉంటే 4.10. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకె చెబుతుంది.

ఈ జతల్లో రెండు సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం లేకపోవడం కావాలని చేసిన ఏర్పాటే. 41, 11 జతలో పినియన్ మీది ప్రతి పన్నూ క్రౌన్ మీది ప్రతి పంటినీ తాకిన తర్వాతే వరుస మళ్లీ మొదటికొస్తుంది. అందువల్ల అరుగుదల అన్ని పళ్ల మీదా సమంగా పడుతుంది.

చిక్కంతా పేర్ల దగ్గరే. 4.10ని ఒకరు షార్ట్ గేర్ అంటారు, ఇంకొకరు లో గేర్ అంటారు, అంకె పెద్దది కదా అని మూడో వ్యక్తి హై గేర్ అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకే జత గురించి. విడిభాగాలు ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఈ మాటలు పక్కన పెట్టి, పళ్ల లెక్కతో సహా అంకె చెప్పడమే క్షేమం. అంకె పెరిగితే లాగుడు పెరుగుతుంది, ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది. తగ్గితే హైవే మీద ఇంజిన్ నింపాదిగా నడుస్తుంది, కదిలేటప్పుడు మాత్రం బరువుగా ఉంటుంది.

కంపెనీ మధ్యస్థంగా ఎందుకు ఆగింది?

ఆ రోజుల్లో ఈ కార్లకు వచ్చిన గేర్‌బాక్సుల్లో ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ కన్నా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కువ తిరిగే టాప్ గేరు) లేదు. టర్బో హైడ్రామ్యాటిక్ 400 ఆటోమేటిక్‌లో మూడో గేరైనా, మన్సీ మాన్యువల్‌లో నాలుగో గేరైనా నిష్పత్తి 1:1. అంటే టాప్ గేర్‌లో ఇంజిన్ చుట్లను తగ్గించే బాధ్యతంతా వెనక యాక్సిల్‌దే. సిగ్నల్ దగ్గర కారు ఎంత చురుగ్గా కదలాలో, ఊళ్ల మధ్య హైవే మీద ఎంత నిశ్శబ్దంగా నడవాలో ఒకే జత తేల్చాలి. 3.31 ఈ రెంటి మధ్య రాజీ.

లెక్కలోకి దిగితే విషయం తేటపడుతుంది. 1969 షెవెల్ ఎస్ఎస్ 396లో 325 హార్స్‌పవర్ ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన టార్క్ 410 ఫుట్‌పౌండ్లు (అప్పటి గ్రాస్ లెక్క). టర్బో 400 మొదటి గేరు 2.48. దాన్ని 3.31తో గుణిస్తే మొత్తం 8.21 రెట్లు, 3.73తో 9.25, 4.10తో 10.17. ఘర్షణ నష్టాలు, టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ద్రవంతో పనిచేసే భాగం) ఇచ్చే అదనం పక్కన పెడితే, యాక్సిల్ దగ్గర 3,366 ఫుట్‌పౌండ్లు ఉన్నది 3.73తో 3,793 అవుతుంది.

ఇక్కడ చాలామంది దాటవేసే అంశం ఒకటుంది. క్లోజ్ రేషియో (గేర్ల అంకెలు దగ్గరదగ్గరగా ఉండే) మన్సీ ఎం21 మొదటి గేరు 2.20 మాత్రమే. 2.20ని 3.73తో గుణిస్తే వచ్చేది కూడా 8.21. అంటే ఎం21 ఉన్న కారులో 3.73 వేస్తే, మొదటి గేరులో అది టర్బో 400, 3.31 జతతో సమానం అవుతుంది, అంతే. పక్కవాడి కారులో 3.73 అదిరిపోయిందని గేర్‌బాక్సు చూడకుండా అదే అంకె కొనేస్తే ఫలితం వేరుగా ఉండటానికి కారణం ఇదే.

హైవే మీద చెల్లించే మూల్యం

ఇంజిన్ చుట్లు తెలుసుకోవడానికి సూత్రం తేలికే: గంటకు మైళ్లను నిష్పత్తితో, ఆపైన 336తో గుణించి, టైరు వ్యాసంతో (అంగుళాల్లో) భాగించాలి. ఆ కారుకు వచ్చిన ఎఫ్70-14 టైరు వ్యాసం సుమారు 26 అంగుళాలు. గంటకు 70 మైళ్ల (113 కిలోమీటర్ల) వేగంలో టాప్ గేర్‌లో:

3.31తో సుమారు 2,990 చుట్లు
3.73తో సుమారు 3,370
4.10తో సుమారు 3,710

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో కన్వర్టర్ జారుడు వల్ల ఇంకాస్త పెరుగుతాయి. గంటల తరబడి 3,700 చుట్ల మీద నడిస్తే పెట్రోలు ఖర్చు, శబ్దం, నూనె వేడి మూడూ పెరుగుతాయి. 1:1 గేర్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా అంతే వేగంగా తిరుగుతుంది కాబట్టి, 3.31తో ఎప్పుడూ బయటపడని బ్యాలెన్స్ లోపం 4.10 వేశాక అదురుగా తేలుతుంది. గేర్లు సరిగా కూర్చోలేదని అనుమానించి మళ్లీ విప్పే ముందు షాఫ్ట్ బ్యాలెన్స్, యూనివర్సల్ జాయింట్లు చూడాలి.

టైరు కూడా నిష్పత్తిలో భాగమే. 26 అంగుళాల టైరు తీసి 28 అంగుళాలది వేస్తే 3.73 నడవడంలో 3.46లా ఉంటుంది. లాభంలో సగానికి పైగా టైరుకే పోయినట్టు.

ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్సు ఎక్కిస్తే మాత్రం ఈ బేరం స్వరూపమే మారిపోతుంది. జనరల్ మోటార్స్ 1982 మోడళ్లతో తెచ్చిన 700ఆర్4లో మొదటి గేరు 3.06, నాలుగో గేరు 0.70. దీనికి 3.73 జోడిస్తే మొదటి గేరులో 11.41 రెట్లు వస్తాయి. టర్బో 400తో 4.10 వేసినా అంత రాదు. 70 మైళ్ల వేగంలో మాత్రం ఇంజిన్ 2,360 చుట్లకు దిగుతుంది. ఆ గేర్‌బాక్సు ఉన్నవారికి 3.73 ఇబ్బంది పెట్టదు. మూడు గేర్ల ఆటోమేటిక్‌తో ఎక్కువగా హైవే మీద తిరిగేవారికి 3.31ని కదపకపోవడమే మేలు.

విప్పే ముందు తేల్చుకోవాల్సినవి

కారులో ఇప్పుడున్న నిష్పత్తి ఎంత? 50 ఏళ్లు దాటిన కారులో ఎవరో ఎప్పుడో మార్చి ఉండవచ్చు, కాగితాల మీదిది నమ్మకూడదు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే జారి తిరగకుండా క్లచ్చులతో ఆపేది; షెవర్లే పేరు పోజిట్రాక్షన్) ఉంటే, వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపి, ఒక చుట్టు తిప్పి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒక చక్రాన్ని కదలకుండా ఉంచి రెండోదాన్ని రెండు చుట్లు తిప్పాలి. కవర్ విప్పాక క్రౌన్ అంచు మీద పళ్ల సంఖ్యలు చెక్కి ఉంటాయి. చివరి మాట వాటిదే.

తర్వాతిది క్యారియర్, అంటే క్రౌన్‌ను బోల్టులతో బిగించే లోపలి గూడు. 12-బోల్ట్ కారు యాక్సిల్‌లో ఇవి మూడు రకాలు: 2.56, 2.73కి ఒకటి, 3.07 నుంచి 3.73 దాకా ఒకటి; 4.10, ఆపై వాటికి ఒకటి. కారణం పినియన్ తల సైజు. అంకె పెరిగేకొద్దీ పినియన్ పళ్లు తగ్గి, దాని తల చిన్నదవుతుంది. అప్పుడు దాన్ని అందుకోవడానికి క్రౌన్ ఇంకా దగ్గరికి జరగాలి, అందుకే క్యారియర్ మీద క్రౌన్ కూర్చునే చోటు మారుతుంది. 3.31 నుంచి 3.73కి ఉన్న క్యారియరే సరిపోతుంది. 2.73 నుంచి వెళితే క్యారియర్ కూడా కొనాలి.

3-సిరీస్ (3.07 నుంచి 3.73 రకం) క్యారియర్ మీదే 4.10 వేసుకునేందుకు మందం ఎక్కువున్న క్రౌన్లు దొరుకుతాయి. వాటితో ఒక తిరకాసు ఉంది: మందమైన క్రౌన్ అడ్డొచ్చి క్రాస్ పిన్ (క్యారియర్ మధ్యలో అడ్డంగా ఉండే కడ్డీ) బయటికి రాదు. యాక్సిళ్లను పట్టి ఉంచే సీ-క్లిప్పులు తీయాలంటే ఆ పిన్ రావాల్సిందే. గాడి తీసిన ప్రత్యేక పిన్ వేయాలి, లేదా క్రౌన్‌లో ఒక పంటి మూల కాస్త అరగదీయాలి.

కొనాల్సిన సామాను: క్రౌన్, పినియన్ జత, క్యారియర్ బేరింగులు రెండు, పినియన్ బేరింగులు రెండు, వాటి రేసులు, క్రష్ స్లీవులు (పినియన్ బేరింగుల మధ్య నలిగే గొట్టాలు; ఒకటి చాలినా రెండు తెచ్చుకోవాలి), పినియన్ సీల్, నట్టు, క్రౌన్‌కు కొత్త బోల్టులు, షిమ్‌ల (సందు సరిచేసే పల్చని బిళ్లల) సెట్టు, పళ్లకు పూసే పసుపు రంగు మార్కింగ్ పేస్టు, యాక్సిల్ సీళ్లు, కవర్ గ్యాస్కెట్, సుమారు 2 లీటర్ల 80డబ్ల్యూ-90 జీఎల్-5 నూనె, పోజిట్రాక్షన్ ఉంటే 4 ఔన్సుల ఫ్రిక్షన్ మాడిఫయర్. పనిముట్లలో అయస్కాంత స్టాండుతో డయల్ గేజ్, ఇంచ్‌పౌండ్లు చూపే టార్క్ రెంచి లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు, ఈ రెండూ మాత్రం తప్పనిసరి.

విప్పడం

నూనె దించి కవర్ తీశాక, ఏదీ కదపకముందే పాత బ్యాక్‌లాష్ కొలిచి రాసుకోవాలి. డ్రమ్ములు తీసి, క్రాస్ పిన్ లాక్ బోల్టు విప్పి, పిన్ లాగి, యాక్సిళ్లను లోపలికి నెట్టితే సీ-క్లిప్పులు రాలతాయి. ఆ లాక్ బోల్టు పాత కార్లలో తరచు విరుగుతుంది. బలం వాడకుండా ముందే నూనె పట్టించి ఓపికగా తీయాలి.

క్యారియర్ బేరింగ్ క్యాపుల మీద ఎడమ, కుడి, పైవైపు గుర్తులు పెట్టాలి. అవి హౌసింగ్‌తో కలిపి తొలిచినవి, తారుమారైతే బేరింగ్ గుండ్రంగా కూర్చోదు. పక్క షిమ్‌లను కూడా ఏ పక్కవి ఆ పక్క కట్టి, మందం కొలిచి చీటీ అంటించాలి. కొత్త అమరికకు ఆ కొలతలే ఆధారం.

పని నిలిచేది నాలుగు కొలతల మీద

పినియన్ లోతు అంటే పినియన్ తల క్రౌన్ మధ్యరేఖకు ఎంత దగ్గరగా ఉందన్నది. 12-బోల్ట్‌లో లోపలి పినియన్ బేరింగ్ కింద ఉండే షిమ్ దీన్ని నిర్ణయిస్తుంది. షిమ్ మందం పెరిగితే పినియన్ క్రౌన్ వైపు జరుగుతుంది. పాత షిమ్ మందంతో మొదలుపెట్టి, పినియన్ తల మీద చెక్కిన గుర్తులను బట్టి సవరించి, ఆపైన అచ్చు చూసి తేల్చుకోవాలి. షిమ్ మార్చిన ప్రతిసారీ బేరింగ్‌ను ప్రెస్‌తో ఊడదీయాలి, అందులోనే బేరింగులు పాడవుతాయి. అందుకే అనుభవమున్న మెకానిక్కులు పాత బేరింగ్ లోపలి రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, చేత్తో ఎక్కి దిగేలా, కొలతల కోసమే ఉంచుకుంటారు. ఇది చిన్న ఉపాయమే అయినా సగం రోజు ఆదా చేస్తుంది. ఒక్క షరతు: కొత్త బేరింగ్ మందం కూడా కొలిచి, తేడా ఉంటే షిమ్‌లో సర్దాలి.

రెండోది పినియన్ బిగువు. రెండు పినియన్ బేరింగుల మధ్య ఉండే క్రష్ స్లీవ్ నట్టు బిగిస్తుంటే నలుగుతూ, బేరింగుల మీద తగిన ఒత్తిడి నిలుపుతుంది. లోతు ఖరారయ్యే దాకా స్లీవ్ వేయకూడదు. అది నలగడం మొదలవడానికే 200 ఫుట్‌పౌండ్లకు పైగా కావాలి, కాబట్టి యోక్‌ను (పినియన్‌ను ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో కలిపే ముక్కను) పట్టి ఉంచడానికి పొడవైన ఇనుప పట్టీ ఉండాలి. నలగడం మొదలయ్యాక మాత్రం నట్టు కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ ఇంచ్‌పౌండ్ రెంచితో పినియన్‌ను తిప్పి చూడాలి. కొత్త బేరింగులైతే 20 నుంచి 25 ఇంచ్‌పౌండ్లు, వాడినవైతే దాదాపు సగం. చూడాల్సింది కదిలించడానికి పట్టే బలం కాదు, తిరుగుతూ ఉన్నప్పుడు చూపే బలం. హద్దు దాటితే నట్టు వెనక్కి తిప్పి సరిచేద్దామనుకోవడం పెద్ద పొరపాటు: నలిగిన స్లీవ్ తిరిగి సాగదు, బిగువు పూర్తిగా పోతుంది. కొత్త స్లీవ్ వేసి మళ్లీ మొదలుపెట్టడమే దారి. రెండు కొనమన్నది ఇందుకే.

మూడోది బ్యాక్‌లాష్, అంటే పినియన్ కదలకుండా ఉన్నప్పుడు క్రౌన్ పంటికి ఉండే వదులు. ముందు క్రౌన్‌ను శుభ్రమైన క్యారియర్ మీద, లాకింగ్ ద్రవం పూసిన కొత్త బోల్టులతో ఎదురెదురుగా 55 ఫుట్‌పౌండ్ల దాకా బిగించాలి. కూర్చునే చోట చిన్న గరుకున్నా క్రౌన్ వంకరగా తిరుగుతుంది. పక్క షిమ్‌లు వదులు లేకుండా పట్టాక, బేరింగ్ బిగువు కోసం ఒక్కో పక్క ఇంకో 4 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) కలపాలి. బ్యాక్‌లాష్ 6 నుంచి 10 థౌ మధ్య ఉండాలి. దాన్ని మార్చాలంటే ఒక పక్క తీసినంత మందమే రెండో పక్క కలపాలి, లేకపోతే బేరింగ్ బిగువు మారిపోతుంది. క్రౌన్‌ను 3 థౌ జరిపితే బ్యాక్‌లాష్ సుమారు 2 థౌ మారుతుంది. క్రౌన్ చుట్టూ కనీసం నాలుగు చోట్ల కొలవాలి. చోటుకీ చోటుకీ 2 థౌ మించి తేడా ఉంటే క్రౌన్ వంకరగా కూర్చున్నట్టే.

చివరిది అచ్చు. నాలుగైదు పళ్లకు పేస్టు పూసి, చెక్క ముక్కతో క్రౌన్‌కు కాస్త అడ్డం పెట్టి రెండు వైపులా తిప్పితే పినియన్ తాకిన చోటు మచ్చలా పడుతుంది. ఆ మచ్చ పంటి ఎత్తులో మధ్యన ఉండాలి. పంటి మొదట్లోకి దిగిపోతే పినియన్ మరీ లోపలికి వచ్చిందని అర్థం, షిమ్ తగ్గించాలి. పంటి కొసకు ఎక్కితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ కలపాలి. పంటి పొడవునా లోపలి కొనకో, బయటి కొనకో జరగడం ప్రధానంగా బ్యాక్‌లాష్‌తో ముడిపడి ఉంటుంది. బ్యాక్‌లాష్ తగ్గితే మచ్చ లోపలి కొన వైపు జరుగుతుంది. రోడ్డు మీద బరువు పడినప్పుడు మచ్చ బయటి కొన వైపు పాకుతుంది కాబట్టి, బల్ల మీద కొంచెం లోపలి వైపు ఉన్నా కంగారు పడనక్కర్లేదు. అచ్చు బాగా లేకుండా కొలతలన్నీ సరిపోయినా మూత వేయకూడదు. పళ్లు నిజంగా ఎక్కడ తాకుతున్నాయో చెప్పేది అదొక్కటే.

తర్వాత వచ్చే శబ్దాలు

గేరు కూత ఇంజిన్ చుట్లతో సంబంధం లేకుండా రోడ్డు వేగాన్ని అనుసరిస్తుంది. ఒకే వేగంలో గేరు మార్చి చూస్తే, కూత మారకపోతే అది వెనక యాక్సిల్‌దే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే కూస్తే పళ్ల డ్రైవ్ వైపు (కారును లాగేటప్పుడు ఒత్తిడి పడే వైపు) అచ్చును అనుమానించాలి. కాలు తీసినప్పుడు ఊళ పెడితే తరచు పినియన్ బిగువు తగ్గి ఉంటుంది. నూనె ఇంకిందనో, సీల్ కారుతుందనో నట్టు మరో పావు చుట్టు బిగించడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. అది స్లీవ్‌ను ఇంకా నలిపి బేరింగ్‌ను మాడుస్తుంది. కదిలేటప్పుడు, ఆపేటప్పుడు ఠక్కున కొట్టుకుంటే బ్యాక్‌లాష్ లేదా యూనివర్సల్ జాయింట్ల వదులు. మలుపుల్లో కటకటమంటే పోజిట్రాక్షన్ క్లచ్చులకు ఫ్రిక్షన్ మాడిఫయర్ అందలేదన్నమాట. సీళ్లు కొత్తవైనా నూనె కారుతుంటే యాక్సిల్ గొట్టం మీది వెంటు మూసుకుందేమో చూడాలి.

ఫోర్డ్, క్రైస్లర్ కార్లలో తేడా

1957లో వచ్చిన ఫోర్డ్ 9-ఇంచ్ యాక్సిల్‌లో క్రౌన్, పినియన్ ఉన్న గూడు మొత్తం ముందు వైపు నుంచి ఒకే ముక్కగా ఊడొస్తుంది. అమరికంతా బల్ల మీద నిలబడి చేసుకోవచ్చు. రెండు నిష్పత్తులకు రెండు గూళ్లు సిద్ధంగా ఉంచుకుని అవసరాన్ని బట్టి మార్చేవారూ ఉన్నారు. అందులో పినియన్ షిమ్ గూటికి బయట, పినియన్ సపోర్ట్ కింద ఉంటుంది. దాని దిశ తిరగబడుతుంది: షిమ్ మందం పెంచితే పినియన్ క్రౌన్‌కు దూరమవుతుంది. షెవర్లేకు అలవాటు పడ్డ చేయి ఇక్కడ తప్పటడుగు వేస్తుంది. క్రైస్లర్ 8¾ కూడా ముందు నుంచే ఊడొస్తుంది, కానీ పినియన్ కాడ మందాన్ని బట్టి 741, 742, 489 అని మూడు రకాల గూళ్లున్నాయి. ఒకదాని పినియన్ మరొకదానిలో పట్టదు. ముందు గూటి మీది అంకె చూసి తర్వాతే జత కొనాలి.

స్పీడోమీటర్, తొలి మైళ్లు, పాత జత

నిష్పత్తి మారితే స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది. 3.73 వేశాక సరిచేయకపోతే నిజంగా 60 మైళ్ల వేగంలో ముల్లు దాదాపు 68 చూపుతుంది. గేర్‌బాక్సు తోక దగ్గర ఉండే ప్లాస్టిక్ గేరు మార్చాలి. దానికి ఎన్ని పళ్లు కావాలన్న లెక్క: దాన్ని తిప్పే డ్రైవ్ గేరు పళ్లను నిష్పత్తితోనూ, టైరు మైలుకు తిరిగే చుట్లతోనూ గుణించి 1001తో భాగించాలి. 26 అంగుళాల టైరు మైలుకు సుమారు 776 చుట్లు తిరుగుతుంది. 8 పళ్ల డ్రైవ్ గేరు ఉంటే 3.31కి 20 లేదా 21 పళ్ల గేరు, 3.73కి 23 పళ్లది సరిపోతుంది.

కొత్త జత పళ్లు తొలి మైళ్లలో ఒకదానిపై ఒకటి జారుతూ చాలా వేడెక్కుతాయి. ఆ వేడి హద్దు దాటితే పంటి గట్టిపరిచిన పైపొర మెత్తబడుతుంది, ఆ తర్వాత కూత ఆగదు. మొదట 25, 30 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, యాక్సిల్ పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ అలాగే రెండు మూడుసార్లు చేయాలి. 500 మైళ్ల (800 కిలోమీటర్ల) దాకా గట్టిగా తొక్కకూడదు, ట్రైలర్ లాగకూడదు. అప్పుడు నూనె మార్చాలి. దించిన నూనెలో సన్నని లోహపు పొడి మామూలే. ముక్కలు కనిపిస్తే మూత తీసి చూడాలి.

తీసిన పాత క్రౌన్, పినియన్‌ను విడదీయకుండా గ్రీసు పూసి, నూనె కాగితంలో చుట్టి, పాత షిమ్‌లు, కొలతల చీటీతో సహా ఒకే పెట్టెలో ఉంచాలి. అవి కలిపి నూరి చేసిన జత, ఒకటి పోతే రెండోది పనికిరాదు. యాక్సిల్ గొట్టం మీది కోడ్ కారు ఏ నిష్పత్తితో ఫ్యాక్టరీ దాటిందో చెబుతుంది. ఆ కోడ్‌కు తగ్గ జత పెట్టెలో భద్రంగా ఉంటే, కారును మళ్లీ అసలు రూపానికి తేవాలనుకున్నప్పుడు ఒక శనివారం పనితో సరిపోతుంది.